పడుకున్న నిలువుటద్దం

సుత్తి నా చేతిలోనే ఉంది, మేకు మొన గోడకు ఆనే ఉంది, చేయి మాత్రం రావడం లేదు. ఇందాకటి నుంచీ ఇదే వరస, సుత్తి ఎత్తడం, ఎత్తిన సుత్తిని దొంగలా దించేసుకుని గుమ్మం వంక చూడడం. గుమ్మంలో ఎవరూ లేరు, ఉండరని నాకూ తెలుసు. ఈ గోడ నాది. దీనికి వేసిన లేత పసుపు రంగు నేను ఎంచుకున్నది. పెదకాకాని దారిలో ఈ రెండు గదుల ఇల్లు రంజాన్‌దీ నాదీ అని రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్ళి మొగుడూ పెళ్ళాం ఇద్దరం వేలిముద్రలు కూడా వేసి వచ్చాం. అయినా సుత్తి లేచిందంటే చాలు, చెవిలో సుబ్బరావమ్మగారి గొంతు లేస్తోంది, "ఎవరే గోడ కొట్టేది?" అని. పదేళ్ళకు పైగా ఆవిడ ఇంట్లో అద్దెకున్నాం. ఇల్లు ఖాళీ చేశాం గాని ఆ గొంతును అక్కడ వదిలి రావడం మర్చిపోయినట్టున్నాం, సామానుతో పాటు ట్రాక్టరెక్కి అదీ వచ్చేసింది.

పొద్దున రంజాన్‌తో పెద్ద గొప్పలు పోయాను. "నువ్వు ముట్టుకోబాకయ్యా, మేకు నేనే కొడతా, సాయంత్రం నువ్వొచ్చేసరికి అద్దం నిలబడి ఉంటది, చూడు" అన్నాను. "గోడని కొడతావో, వేలు కొట్టుకుంటావో" అని నవ్వుకుంటూ బండెక్కి కోల్డ్ స్టోరేజీకి వెళ్ళిపోయాడు. మిరపకాయల సీజను కదా, ఆదివారమని లేదు, లోడు వస్తే దించాల్సిందే. ఎండ ఇంకా గట్టిగానే ఉంది. రోడ్డు మీద బస్తాల లారీ వెళ్ళినప్పుడల్లా ఘాటు కిటికీలోంచి లోపలికి వస్తోంది, తుమ్ము వస్తోంది, తుమ్మితే మేకు జారుతోంది, సరే కాసేపు కూర్చుందామని కింద కూర్చున్నాను. కూర్చుంటే నా సామాను చూసుకోవాలనిపిస్తుంది. పాత పరుపు గలీబు పరిచి దానిమీద అన్నీ వరసగా పేర్చాను, పెళ్ళికూతురి నగలు పేర్చినట్టు. సుత్తి, పట్టకారు, పానా, చిన్నదొకటి పెద్దదొకటి స్క్రూడ్రైవర్లు, పిడిలో బుల్లి లైటు వెలిగే టెస్టరు, కొలతల టేపు, చేతి రంపం, నల్లటేపు చుట్ట, స్టీలు మేకుల పొట్లం, అన్నిటికన్నా నాకు ముద్దొచ్చిన రసమట్టం. మేస్త్రీల చేతుల్లో చూడడమే గాని ఎప్పుడూ పట్టుకోలేదు. పసుపు పెట్టె, మధ్యలో గాజు గొట్టం, గొట్టంలో పచ్చటి నీళ్ళు, నీళ్ళలో ఒక బుడగ. పొద్దుట్నుంచి దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరిగాను. కిటికీ గట్టు మీద పెడితే బుడగ మధ్యలో నిలిచింది, శభాష్. పొయ్యి గట్టు మీదా నిలిచింది. నేల మీద పెడితే గుమ్మం వైపు నుంచి పారిపోయి ఇటు వచ్చింది, నేల వంకరేమో అనుకున్నాను, తర్వాత గుర్తొచ్చింది, కడిగిన నీళ్ళు బయటికి పోవడానికి మేస్త్రీ వాటం పెట్టాడు కదా అని. నా కడుపు మీద కూడా పెట్టుకుని చూశాను. దాని సంగతి ఎవరికీ చెప్పను.

ఇవన్నీ ఈ పొద్దుటే వీరాంజనేయులుగారి హార్డ్‌వేర్ కొట్లో కొన్నాను. ఆదివారం ఒంటిపూటే తెరుస్తాడు, తలుపు తీసేసరికే నేను మెట్ల మీద ఉన్నాను. "నిన్ననే వచ్చి ఎత్తిపెట్టమని చెప్పి కొనకుండా పోయారేమమ్మా?" అన్నాడు. నిన్న శనివారమండీ, శనివారం ఇనుము కొనకూడదు కదా అన్నాను. ఆయన నా ముఖం చూసి, నా పేరు గుర్తుచేసుకుని, "మీక్కూడా శనివారం పట్టింపేనా?" అని ఆశ్చర్యపోయాడు. "శనివారం అందరికీ వస్తదిగా అండీ" అన్నాను. ఏం చెప్పను మరి. మా అమ్మ నాకు నేర్పని పట్టింపులన్నీ సుబ్బరావమ్మగారి వాకిట్లో పట్టుబడ్డాయి. ఇనుము చేతికి అందివ్వకూడదు, కింద పెడితే అవతలివాళ్ళు తీసుకోవాలి. అప్పుడప్పుడు కత్తెర అడిగితే ఆవిడ గడప మీద పెట్టేది, నేను గడప మీంచి తీసుకునేదాన్ని. రంజాన్ కోల్డ్ స్టోరేజీలో కూడా కొక్కెం కింద పెట్టి తీసుకోమంటాడట, హమాలీలందరూ నవ్వుతారట. ఒకరి పంచన ఉంటే నీళ్ళూ నిప్పూ మాత్రమేనా, అలవాట్లు కూడా అద్దెకు తెచ్చుకుంటాం, తిరిగి ఇవ్వడం మాత్రం ఉండదు.

ఈ పట్టకారు చూస్తుంటే నవ్వొస్తోంది. ఇన్నేళ్ళ కాపురంలో నా పనిముట్లేమిటని ఎవరైనా అడిగితే ఏం చెప్పేదాన్ని? సుత్తి అంటే పచ్చడిబండ. స్క్రూడ్రైవర్ అంటే కూరగాయల కత్తి మొన, అందుకే మా ఇంట్లో ఏ కత్తికీ మొన ఉండదు. పట్టకారు అంటే రంజాన్ పళ్ళు. డబ్బా మూత లేపాలంటే అట్లకాడ. మంచం కోడు ఊగితే దాని కింద మడత పెట్టిన పాత బస్సు టిక్కెట్లు. ఇంతకుమించి సొంత పనిముట్టంటే ఒక్కటే, మా నాన్న దబ్బనం. అది కూడా ఇప్పుడు గలీబు మీద చివర పెట్టాను, మెరిసే కొత్త సరుకు పక్కన నల్లగా, బక్కగా, కొత్త కోడళ్ళ మధ్య అమ్మమ్మ కూర్చున్నట్టు. మేం దూదేకులవాళ్ళం. నాన్న విల్లు భుజాన వేసుకుని సత్తెనపల్లి చుట్టూ ఊళ్ళన్నీ తిరిగి పరుపులు కుట్టేవాడు. పత్తి ఏకుతుంటే ఆ విల్లు టంగుమని మోగేది, ఇప్పటికీ ఎక్కడైనా తీగ కదిలితే నాకు ముందు దూది కనపడుతుంది, తర్వాత దూదిలోంచి కనుబొమలు కూడా తెల్లబడిన నాన్న కనపడతాడు. ఊరందరికీ మెత్తటి పడక కుట్టి తను ఎవరి అరుగు దొరికితే వాళ్ళ అరుగు మీద పడుకునేవాడు. బాధపడుతూ చెబుతున్నానని అనుకోవద్దు, ఆయనకు అరుగంటే ఇష్టం, గాలి తగులుతుందనేవాడు.

అద్దం మాత్రం నాన్నది కాదు, నాది. పెళ్ళి కాకముందు ఎండు మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేదాన్ని, రాత్రి చేతులు మండిపోతే మజ్జిగలో పెట్టుకుని పడుకునేవాళ్ళం ఆడపిల్లలమంతా. ఆ రోజుల్లోనే సత్తెనపల్లిలో ఒక ఫోటో స్టూడియో మూసేస్తున్నారని తెలిసింది. ఆ స్టూడియోలో ఫోటో దిగే ముందు జనం తల దువ్వుకునే నిలువుటద్దం ఒకటుండేది, టేకు చట్రం, పైన లతలు చెక్కి ఉండేవి. ఒక్కసారి, చిన్నప్పుడు, పండక్కి కుట్టిన లంగా వేసుకుని దానిముందు నిలబడ్డాను. అంతే, మనసు దానికి అంటుకుపోయింది. కూలి డబ్బులన్నీ పోసి కొన్నాను. మా అమ్మ లబలబలాడింది. నాన్న మాత్రం ఏమీ అనకుండా ఎవరికో కుట్టిన కొత్త పరుపు తెచ్చి, అద్దాన్ని దానిలో చుట్టి, చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు ఎడ్లబండిలో పడుకోబెట్టి ఇంటికి తోలుకొచ్చాడు. మా గుడిసెకు మట్టిగోడలు, నా భుజాల ఎత్తు కూడా లేవు, అద్దం చూరుకు తగిలింది. "ఇది నిలబడేంత గోడ ఉన్న ఇంటికి పోతావులే అమ్మా" అన్నాడు నాన్న. అప్పుడు పడుకోబెట్టిన అద్దం ఇప్పటిదాకా లేవలేదు.

అత్తవారింట్లో గోడలున్నాయి గాని ఖాళీ లేదు, మా అత్త దాన్ని చూసి "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె" అని తేల్చేసింది. గుంటూరు వచ్చాక ఒకటి తర్వాత ఒకటి అద్దె కొంపలు. ఇల్లు మారినప్పుడల్లా అద్దం మంచం కిందికి వెళ్ళేది, దుప్పటి చుట్టుకుని అడ్డంగా పడుకునేది. ఊడుస్తుంటే చీపురుకు తగిలేది. "అది అద్దం కాదే, అడ్డం" అనేవాడు రంజాన్. ఎన్నిసార్లు అన్నా ప్రతిసారీ మొదటిసారి అన్నట్టే నవ్వుకునేవాడు. నేను మాత్రం గుప్పెడంత చేతి అద్దంలోనే బతుకు వెళ్ళదీశాను. బొట్టంత ముఖం చూసుకుంటే పాపిడి కనపడదు, పాపిడి చూసుకుంటే గడ్డం కనపడదు. చీర కుచ్చిళ్ళు సరిగ్గా వచ్చాయా అని రంజాన్‌ని అడిగితే తల ఎత్తకుండానే బాగున్నాయనేవాడు.

అందుకే సుబ్బరావమ్మగారి ఇంట్లో దిగిన కొత్తలో, ముందు గది గోడ చూడగానే ప్రాణం లేచొచ్చింది. పొడుగ్గా, ఖాళీగా, ఇదిగో అచ్చం ఈ గోడలాగే. బరువంతా కింద చెక్కముక్కల మీద ఆనుతుంది, పైన చట్రానికి తీగ కట్టి ఒక్క మేకుకు తగిలిస్తే చాలు, ముందుకు పడదు. రంజాన్ పనికి వెళ్ళగానే పచ్చడిబండ తీసుకుని మేకు మీద ఒక్క దెబ్బ వేశాను, ఒక్కటే. ఆవిడ ఎక్కడుందో, ఎలా విందో, పొయ్యి మీద పాలు వదిలేసి మరీ వచ్చింది. పెచ్చు ఊడిన చోట బొటనవేలు పెట్టి తడిమింది. "ఏమే, మేకులు కొట్టుకుని నా ఇంట్లో పాతుకుపోదామనుకుంటన్నావా?" అంది. ఆ మాట తగిలినట్టు ఇంకేదీ నాకు తగల్లేదు. పాతుకుపోవడానికి మాకు జానెడు నేల ఉంటే ఆవిడ గోడతో పనేమిటి. వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయలు కోస్తూ ఏడ్చాను, ఉల్లిపాయల వల్లేనని ఆవిడ అనుకోవాలని. అద్దం సంగతి ఆవిడకు చెప్పలేదు, చూపించనూ లేదు. ఆ తర్వాత ఎన్నేళ్ళున్నా మేకు ఊసెత్తలేదు. మా ముందు అద్దెకున్నవాళ్ళు ఎప్పుడు కొట్టారో, వంటింటి గుమ్మం పక్కన ఒకే ఒక్క పాత మేకు ఉండేది, కమ్మరి కొట్టిన నాటు మేకు, నాలుగు పలకలది. మా సంసారమంతా దానిమీదే వేలాడింది. క్యాలెండరు, తాళాల గుత్తి, రంజాన్ చొక్కా, మార్కెట్ సంచి, డాక్టరు రాసిన కాగితాలున్న కవరు, ఒకదాని మీద ఒకటి. కింది వస్తువు కావాలంటే పైవన్నీ దింపాలి. తేదీ చూడాలంటే చొక్కా ఎత్తాలి.

ఆవిడ చెడ్డమనిషని చెప్పడం లేదు. చెబితే నోరు పడిపోతుంది. రోజాల నెలలో తెల్లవారుజామున మా తలుపు తట్టి "లేవండే, పొద్దెక్కుతంది" అని లేపింది ఆవిడే, తనకేం ఉపవాసమా పాడా. కరెంటు పోతే ఫ్యూజు తనే వేసేది, కొళాయి కారితే కొంగు దోపుకుని పానా పట్టుకుని తనే బిగించేది. మొగుడు పోయాక ఒక్కతే నిలబడి కట్టించుకున్న ఇల్లు, ప్రతి ఇటుకా ఆవిడకు పేరుపేరునా తెలుసు. అలాంటి గోడను పచ్చడిబండతో కొడితే నొప్పెట్టదా మరి. ఇప్పుడు తెలుస్తోంది. ఇప్పుడు నాకు ఈ పసుపు రంగు మీద ఈగ వాలితే తోలాలనిపిస్తోంది. అందుకే మొన్న శుక్రవారం ఇంట్లో చేరినప్పుడు, పాలు పొంగించి ఫాతిహా చదివించినప్పుడు, అందరికన్నా ముందు ఆవిడనే పిలిచాను. వస్తానంది. రాలేదు. అన్నం వడ్డిస్తున్నంతసేపూ గుమ్మం వంక చూస్తూనే ఉన్నాను. ఆవిడకు కొత్త ఇల్లు చూపించాలని, అదిగో పొడుగాటి గోడ అని అనాలని ఎంత ఉబలాటపడ్డానో నాకే తెలుసు. ఖాళీ చేసి పోయినవాళ్ళతో పనేముందిలే అనుకుని ఉంటుంది. అనుకోనీ.

లేచాను. కూర్చుంటే పొద్దు వాలిపోతుంది. మేకు పెట్టాను, బిస్మిల్లా అన్నాను, కళ్ళు మూసుకుని ఒకటి వేశాను. దెబ్బ అని కూడా అనకూడదు దాన్ని, బిడ్డ వీపు తట్టినట్టుంది. మేకు వంగి, ఎగిరి, వంటింట్లో పడింది. గోడ మీద బియ్యపుగింజంత పెచ్చు లేచింది. నాకు తెలియకుండానే బొటనవేలితో ఆ పెచ్చు తడుముతున్నాను, అచ్చం ఆవిడలాగే.

"ఎవరే గోడ కొట్టేది?"

నా చెవిలో మోగిందే అనుకున్నాను. ఈసారి గొంతుతో పాటు ఆయాసం కూడా వినపడింది. తిరిగి చూస్తే గుమ్మంలో సుబ్బరావమ్మగారు, చెప్పులు విప్పుతూ, గోడ పట్టుకుని నిలబడి. బయట ఆటో తిప్పుకుంటున్న చప్పుడు. నా చేతిలో సుత్తి వీపు వెనక్కి వెళ్ళిపోయింది.

"రండి పిన్నిగారూ, రండి, కూర్చోండి. శుక్రవారం రాలేదేమండీ? మీ కోసం ఎంత చూశానో!"

"ఆ జనంలో నన్నెవరు పట్టించుకుంటారే. పైగా నేను తేవాల్సిన వస్తువు అందరి ముందు తెస్తే నవ్వరూ? నిన్న వద్దామంటే శనివారమైపోయె, ఇనుము పట్టుకుని గడప దాటకూడదుగా." గలీబు మీద పరిచిన సామాను చూసి కళ్ళు పెద్దవి చేసింది. "అబ్బో, కొట్టు పెడతన్నావా ఏంటి?" అని వంగి ఒక్కొక్కటీ ఎత్తి చూసి, రసమట్టం దగ్గర ఆగి, దబ్బనం దగ్గర ఇంకాసేపు ఆగి, చివరికి దుప్పటి చుట్టి గోడవారన పడుకోబెట్టినదాని దగ్గరికి వచ్చింది. "ఇదేందే?"

దుప్పటి తీశాను. ఆవిడ వంగి లతలు చెక్కిన చట్రాన్ని వేలితో తుడిచింది. "ఇంత అద్దమా! మా ఇంట్లో ఎక్కడుందే ఇది?"

"మంచం కింద అండీ."

"ఇన్నేళ్ళూనా?"

"ఇన్నేళ్ళూ."

"నాకు చెప్పకపోయావా?" అంది.

"చెప్తే మేకు కొట్టనిచ్చేవారా?"

ఆలోచించింది. అబద్ధమాడడం ఆవిడ వల్ల కాదు. "కొట్టనిచ్చేదాన్ని కాదు" అంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఒక్కసారే పకపకా నవ్వాం, నవ్వుతూ నవ్వుతూ ఆవిడ కళ్ళు ఒత్తుకుంది. ఒత్తుకుని, బొడ్లో దోపుకున్న చిన్న గుడ్డమూట తీసి, విప్పి, అందులో ఉన్నదాన్ని నా చేతికివ్వకుండా నేల మీద పెట్టింది. నాలుగు పలకల నాటు మేకు. నూనె రాసి, తుప్పు గీకి, తళతళలాడించి తెచ్చింది.

"మీరు సామాను ఎత్తిన రోజే ఊడబెరికా. కొత్తగా వచ్చేవాళ్ళు మేకు చూస్తే ఇంకోటి కొడతారు. పారేద్దామంటే మనసొప్పలా. మీ బతుకంతా దానిమీదే ఏలాడెగా. తీసుకో."

నేల మీంచి తీసుకున్నాను. ఆవిడ అప్పటికే గోడ దగ్గరికి వెళ్ళి వేలి కణుపులతో తడుతోంది, చెవి ఆనించి వింటోంది. "ఇటుక మీద కొడితే వంగుద్ది. ఇక్కడ, సందులో కొట్టు."

మేకు ఆనించాను. సుత్తి ఎత్తాను. ఆవిడ పక్కనే నిలబడి చూస్తుంటే ఇంకెక్కడి చేయి, ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయింది. "గోడకు నొప్పెడతదేమోనండీ" అన్నాను. నవ్వులాటకు అన్నట్టే అన్నాను గాని సుత్తి దించేసుకున్నాను.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే! కొట్టు." నేను కదలకపోయేసరికి నా భుజం మీద చేయి వేసింది. ఆ చేయి బరువుగా, వెచ్చగా ఉంది. గొంతు మాత్రం ఎప్పటిలాగే కసురుతున్నట్టుంది. "నీ గోడే, కొట్టవే మదారూ. కొట్టి, ఇక్కడ పాతుకుపో."

కొట్టాను. టంగుమంది, నాన్న విల్లు మోగినట్టు. ఇంకొకటి కొట్టాను, ఇంకొకటి. మేకు తన ఇంటికి తాను వెళ్ళినట్టు గోడలోకి వెళ్ళింది. సుబ్బరావమ్మగారు అలవాటుగా దానిచుట్టూ బొటనవేలు తిప్పి, పెచ్చు రాలలేదని తల ఊపింది. ఆ చివర ఆవిడ, ఈ చివర నేను పట్టి అద్దాన్ని లేపాం. ముసలిప్రాణం, ఆయాసపడుతూనే వదల్లేదు. చెక్కముక్కల మీద ఆనించి, తీగ మేకుకు తగిలించి, పైన రసమట్టం పెట్టాను. బుడగ అటూ ఇటూ కొట్టుకుని, మధ్యకు వచ్చి ఆగింది.

ఆవిడ ముందు తన బొట్టు సర్దుకుంది. "దీనికి ఎనక తీగ మార్చాల, పాతబడింది" అంది. ఇంకా ఏవో అంటూనే ఉంది, టీ పెట్టమందో, వంటిల్లు చూపించమందో నాకు వినపడలేదు. పాపిడి కనపడుతోంది. గడ్డం కనపడుతోంది. కుచ్చిళ్ళు ఒకవైపు పైకి లేచే ఉన్నాయి, ఇన్నేళ్ళూ రంజాన్ చూడకుండానే బాగున్నాయన్నాడన్నమాట. కుచ్చిళ్ళ కింద పసుపు గోడ దుమ్ము పడిన నా రెండు కాళ్ళు, కాళ్ళ కింద నా నేల.